గాలి కొండవైపు వీచిన వారం

"మైకు పట్టుకుంటే షాకు కొడుతుందేమోనే!" అంది టైలరమ్మ, మిషను తొక్కడం ఆపి.

అద్దం ముందు నిలబడి దువ్వెనని మైకులా పట్టుకుని మాటలు వల్లె వేసుకుంటున్న కూతురు గిర్రున వెనక్కి తిరిగింది.

"ఏ మైకమ్మా? రేపు మైకే లేదు. స్కూలు హాల్లో కూర్చోబెడతారంట. ఫ్యాక్టరీ కంపు గురించి ఆఫీసరు అడుగుతాడు, మనం చెప్తాం. అంతే."

"మైకు లేకపోతే మరీ ఘోరం. గొంతు చించుకోవాలి. పోయిన గొంతు మళ్ళీ వస్తుందని గ్యారంటీ ఏముంది?"

"అమ్మా!"

"సరేలే. కుర్చీ మటుకు చూసుకుని కూర్చో. స్కూలు కుర్చీలు, వాటి కాళ్ళు ఎప్పుడు విరుగుతాయో వాటికే తెలీదు."

టైలరమ్మకి కుట్టుపని ఒక వృత్తి అయితే, జరగనిదాని గురించి ముందే బెంగపడటం రెండో వృత్తి. మొదటిదానికి అప్పుడప్పుడూ సెలవులుంటాయి, రెండోదానికి అవీ లేవు. లారీ మీద ఊళ్ళు పట్టుకు తిరిగే భర్త ఫోను ఎత్తకపోతే లారీ బోల్తా పడిందనుకుంటుంది. ఎత్తితే, బండి నడుపుతూ ఫోను ఎత్తాడని తిడుతుంది. ఆయన పాపం ఎటూ తేల్చుకోలేక, బండి పక్కన ఆపి, దిగి, చెట్టుకిందకి పోయి మరీ ఫోను చేస్తాడు. అప్పుడేమో చెట్టుకింద పాములుంటాయేమోనని ఈమె బెంగ.

ఇద్దరు పిల్లలు. పెద్దాడు, వీధి చివర గోడకి అవతలున్న జిగురు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. చిన్నది ఫోన్లు బాగుచేసే షాపులో పనిచేస్తుంది. షాపు మూశాక, అదే జిగురు ఫ్యాక్టరీ మీద పోరాడే వీధి కమిటీలో తిరుగుతుంది. అన్న ఆ గేటు లోపలికి పోతాడు, చెల్లెలు ఆ గేటు బయట అట్టముక్క పట్టుకుని నిలబడుతుంది. గేటు దగ్గర ఎదురుపడితే ఒకరినొకరు ఎరగనట్టే ఉంటారు. సాయంత్రం ఇంటికొచ్చి ఒకే టవలు కోసం కొట్టుకుంటారు.

ఆ ఇంట్లో భోజనాల దగ్గర ఫ్యాక్టరీ మాట ఎత్తకూడదన్నది టైలరమ్మ పెట్టిన చట్టం. నోరు విప్పితే వాడి ఉద్యోగం పోతుందని ఒక భయం, దీన్ని పోలీసులు పట్టుకుపోతారని ఇంకో భయం. రెండు భయాల మధ్యనే ఆమె కంచాలు పెట్టేది, తీసేది.

ఆ ఫ్యాక్టరీలో తోలుముక్కలూ ఎముకలూ పెద్ద పెద్ద తొట్లలో ఉడికించి జిగురు తీస్తారు. మూతలు వేసి ఉన్నంతసేపూ ఫరవాలేదు. మూత తెరిచారా, ఎలుక చచ్చిన గదిలో వెంట్రుకలు కాల్చినట్టు ఒక కంపు లేచి, గోడ దాటి వీధిలోకి దిగుతుంది. దిగిందంటే అతిథిలా గుమ్మంలో ఆగదు, చొరవగా వంటింటిదాకా వస్తుంది. గొంతు పట్టేస్తుంది. పిల్లలు దగ్గుతారు. వీధిలోని నర్సమ్మ మనవరాలైతే పీల్చుకునే మందు గొట్టం లేకుండా బడికి పోదు. కుట్టి మడతపెట్టిన బట్టలకి ఆ కంపు పట్టుకుంటే ఇక వదలదు. ఒకసారి పెళ్ళికూతురి బట్టలు వెనక్కి వచ్చాయి. వాటిని తెచ్చినావిడ ఏమీ అనలేదు గానీ, సంచీని బారెడు దూరంగా పట్టుకుని తెచ్చింది. టైలరమ్మకి తల కొట్టేసినట్టయింది.

అయితే ఆ కంపు వల్లే ఆమెకి వీధిలో ఒక పేరు కూడా వచ్చింది. కంపు దిగడానికి కాస్త ముందు టైలరమ్మ గుమ్మంలోకి వచ్చి, "కిటికీలేసుకోండమ్మా, వస్తోంది!" అని కేకేస్తుంది. వీధి వీధంతా దబదబా కిటికీలు వేసుకుంటుంది. ఆరేసిన బట్టలు లోపలికి పోతాయి. ఇంతలో కంపు దిగుతుంది. ఒక్కసారీ తప్పలేదు.

"అది ముక్కు కాదు, మిషను!" అంటాడు ఎదురింటి స్టీరింగు తాత. జీవితమంతా బస్సు నడిపి రిటైరైన మనిషి. మాట్లాడేటప్పుడు ఇప్పటికీ రెండు చేతులూ గాల్లో చక్రం తిప్పుతుంటాయి.

ఆ పొగడ్తకి టైలరమ్మ సిగ్గుపడేది, కొంచెం లోపల్లోపల భయపడేది కూడా. ఎందుకంటే ఆమె ముక్కుకి అంత సీను లేదు. జలుబు చేసినప్పుడు మాడిన పాలు కూడా దానికి తెలియవు. అసలు సంగతేమిటంటే, పెద్దాడు ఫ్యాక్టరీలోంచి ఫోను చేస్తాడు. "అమ్మా, కిటికీలు వేసుకో" అంటాడు, పెట్టేస్తాడు. అంతకుమించి ఒక్క ముక్క ఉండదు. తొట్లు ఎప్పుడు తెరుస్తారో వాటి దగ్గర పనిచేసేవాడికి తెలుస్తుంది కాబట్టి చెబుతున్నాడని ఆమె అనుకుంది. ఫ్యాక్టరీ లోపలి సంగతి బయటికి చెప్పాడని తెలిస్తే వాడి ఉద్యోగం ఊడుతుందేమో! అందుకని, పోనీలే ముక్కే అనుకోనీ అని ఊరుకుంది. అలా ఊరుకోవడం మొదలుపెట్టాక, మధ్యలో నిజం చెప్పే సందు మళ్ళీ దొరకలేదు.

ఇంతలో ఆ వారం వచ్చింది.

ఫ్యాక్టరీ కప్పు మీద ఒక కర్రకి గుడ్డతో కుట్టిన పొడుగాటి సంచి కట్టి ఉంటుంది. గాలి ఎటు వీస్తే అటు ఉబ్బి తోక చూపిస్తుంది. పోయినేడు పెట్టారు దాన్ని. బట్టలు ఆరేసేముందు మేడ మీదినుంచి దాన్ని చూడటం టైలరమ్మకి అలవాటు. మామూలుగా దాని తోక ఈ వీధివైపే. ఆ వారం మాత్రం అది ఎవరో పిలిచినట్టు అటు తిరిగి, కొండ కాలనీవైపు చూస్తూ ఉండిపోయింది. గాలి అటే వీస్తోంది. ఆగలేదు, మారలేదు.

వీధికి పండగలా ఉంది. కిటికీలు తెరిచే ఉన్నాయి. స్టీరింగు తాత బయట కుర్చీ వేసుకుని, ఊపిరి తీస్తున్నానని అందరికీ తెలిసేలా ఊపిరి తీశాడు. నర్సమ్మ మనవరాలు మందు గొట్టం ఇంట్లో మర్చిపోయి బడికి పోయింది, క్షేమంగా తిరిగొచ్చింది కూడా. టైలరమ్మ తెల్ల బట్టలన్నీ ఆ వారమే కుట్టేసింది.

కానీ మంచి జరిగితే మాత్రం ఆమె ఊరుకుంటుందా? మొదట, కంపు రాలేదంటే ఫ్యాక్టరీ మూసేశారేమోనని గుండె గుభేలుమంది. పెద్దాడు రోజూ పనికి పోయి, ఎప్పటికంటే పెందరాళే ఇంటికి వస్తున్నాడు. "పని లేదా నాన్నా?" అంటే, "ఉంది, కడుగుడు పని" అన్నాడు. సరే, ఆ భయం తీరింది. తీరిన చోట ఖాళీ ఉంచడం ఆమెకి చేతకాదు. వెంటనే ఇంకోటి వచ్చి కూర్చుంది. గాలి కొండవైపు పోతోందంటే కంపు అటే పోతోందన్నమాట. అయ్యో, పాపం మేడమ్!

మేడమ్ అంటే కొండ కాలనీలో ఉండే కాలేజీ టీచరు. పెద్ద అద్దాల ఇల్లు, ఆయాసంతో బాధపడే మామగారు. కొన్ని నెలల క్రితం గేటు దగ్గర చిన్నదాన్ని చూసి, కారాపి, దిగి, తానూ ఒక అట్టముక్క పట్టుకుని నిలబడింది. అప్పట్నుంచి కమిటీలో ఉంది. ఎండలో నిలబడుతుంది, ఎవరింట్లో టీ ఇచ్చినా తాగుతుంది, కింద కూర్చోమంటే కింద కూర్చుంటుంది. ఆమె అట్టమీద రాసిన మాట కమిటీకంతా నచ్చింది: 'మనందరిదీ ఒకటే గాలి'. చిన్నది రేపు ఆఫీసరు ముందు ఆ మాటతోనే మొదలుపెడదామనుకుంటోంది.

అంత మంచి మనిషికి వారం రోజులుగా ఆ కంపు! పైగా మామగారికి ఆయాసం! టైలరమ్మకి మనసు మనసులో లేదు. మెత్తని నూలుగుడ్డ తీసి, మేడమ్‌కి ఒకటీ ఆ పెద్దాయనకి ఒకటీ ముక్కుకి కట్టుకునే మాస్కులు కుట్టింది. పెద్దాయనది చెవులు నొప్పి పుట్టకుండా కాస్త వదులుగా కుట్టింది.

ఆ వారం ఆఖర్న, చిన్నది దువ్వెన పట్టుకున్న ఆ సాయంత్రమే కమిటీ వాళ్ళు టైలరమ్మ ముందుగదిలోనే కూడారు. రేపు ఆఫీసరు ముందు ఏం మాట్లాడాలో తేల్చుకోవాలి. మిషను పక్కకి జరిపారు. స్టీరింగు తాతకి కుర్చీ, మిగతావాళ్ళకి చాప.

"తేల్చుకునేదేముంది? గేటుకి తాళం!" చక్రం ఎడమకి తిప్పాడు తాత. "బస్సు అడ్డం పెట్టామంటే ఏ లారీ లోపలికి పోతుందో చూద్దాం."

"బస్సేది తాతా?" అంది చిన్నది.

"అదీ చూద్దాం."

"తాళమేస్తే నా కొట్టుకీ తాళమే" అన్నాడు కొట్టు బాబాయి. వీధి మొదట్లో కిరాణా కొట్టు ఆయనది. "షిఫ్టు దిగి వచ్చేవాళ్ళే నాకు బేరం. కంపు పోవాలి, ఫ్యాక్టరీ ఉండాలి. అలా అడగండి."

"నువ్వు కొట్టు వెనకగదిలో అగరొత్తులు వెలిగించుకుని కూర్చుంటావు, నీకేం?" అంది నర్సమ్మ. ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసి చేసి, ఎవరితో మాట్లాడినా మందు మింగించినట్టే మాట్లాడుతుంది. "ముందు పిల్లలందరికీ ఊపిరితిత్తుల పరీక్షలు చేయించమని అడగాలి. ఫ్యాక్టరీ ఉన్నా పోయినా దగ్గు మాత్రం ఇక్కడే ఉంటుంది."

"తొట్లమీద వడపోత గొట్టం పెట్టమని అడుగుదాం" అంది చిన్నది. "అందరికీ పనికొచ్చేది అదే. మేడమ్, మీరేమంటారు?"

"మొదట మీరు మాట్లాడాలి, నేను చివర్న" అంది మేడమ్. "నేను మీకు తోడు వస్తున్నానంతే. బాధ పడేది మీరు."

ఆ మాటకి టైలరమ్మ కరిగిపోయింది. ఎంత ఓర్పు చూడు, వారం రోజులు ఆ కంపు పీల్చి కూడా తన బాధ చెప్పుకోదు!

అప్పుడే తలుపు చప్పుడైంది. పెద్దాడు షిఫ్టు దిగి వచ్చాడు. అంతే, కరెంటు పోయినట్టు అందరి మాటలూ ఒక్కసారి ఆగిపోయాయి. స్టీరింగు తాత కప్పువైపు చూశాడు. కొట్టు బాబాయి చాప అంచు సర్దాడు. చిన్నది చేతిలో కాగితం బోర్లా పెట్టింది. పెద్దాడు ఎవరివైపూ చూడకుండా, చెప్పులు ఒక మూల విడిచి, గోడవారగా నడిచి వంటింట్లోకి పోయాడు. తెర వెనక్కి వెళ్ళాక నీళ్ళ చప్పుడు వినిపించింది.

"ఊఁ, కానివ్వండి, నెమ్మదిగా" అని గొంతు తగ్గించాడు తాత. ఆయన గొంతు తగ్గిస్తే మామూలు మనిషి అరిచినంత. "అసలు సాక్ష్యం కావాలంటాడు ఆఫీసరు. కంపు ఎప్పుడొస్తుందీ, ఎంత వస్తుందీ అని. మనకి సాక్ష్యానికేం లోటు? టైలరమ్మ ముక్కుంది కదా! ముందే పసిగట్టే ముక్కు! ఆఫీసరు ముందు ఈవిడని నిలబెడితే..."

టైలరమ్మ పైప్రాణాలు పైనే పోయాయి. "నేనా! నాకు మాట రాదు తాతగారూ. వచ్చినా ఆయన ముందు రాదు."

"మాట ఎందుకమ్మా? ముక్కు చాలు."

అందరూ నవ్వారు. ఆ నవ్వులోంచి ఎలా బయటపడాలో తెలియక, మాట మార్చేద్దామని టైలరమ్మ గబగబా అలమర తీసి మాస్కులు పట్టుకొచ్చింది.

"ఇవి మీకు మేడమ్‌గారూ. ఇది మీ మామగారికి. ఆలస్యంగా ఇస్తున్నాను, ఏమనుకోకండి. ఈ వారం మీరెంత అవస్థ పడ్డారో ఏమో! మేం ఇక్కడ కిటికీలు తెరుచుకుని హాయిగా కూర్చున్నాం గానీ, నాకైతే అన్నం కూడా సయించలేదు. గాలంతా మీవైపే కదా. పెద్దాయన ఎలా ఉన్నారు? ఆసుపత్రికి తీసుకెళ్ళారా?"

మేడమ్ మాస్కు చేతిలోకి తీసుకుని, కుట్టు చూసి, మురిసిపోయింది. "ఎంత బాగా కుట్టారండీ! కానీ మాకేం కాలేదు. మామయ్య రోజూ తోటలోనే కూర్చున్నారు. ఏ వాసనా లేదు."

"లేదా?"

"అస్సలు లేదు."

"కొంచెం కూడా?"

"పోయినేడు ఉండేది. ఇప్పుడు లేదు."

టైలరమ్మకి నిజంగా సంతోషమేసింది. "అబ్బ, బతికించారు! నేను మరీ..." అంటూ కూర్చోబోయి, గదిలో ఎవరూ కదలడం లేదని గమనించింది. చిన్నది మేడమ్‌నే చూస్తోంది.

"మేడమ్" అంది చిన్నది నెమ్మదిగా. "పోయినేడు ఉండేదంటున్నారు. మరి ఎలా పోయింది?"

"మా కాలనీ సంఘంవాళ్ళు వెళ్ళి ఫ్యాక్టరీ వాళ్ళతో మాట్లాడారు. తర్వాత సమస్య తీరిందన్నారు. ఏదో వడపోత పెట్టారేమో అనుకున్నాను..." మేడమ్ చేతిలో మాస్కు నలిగింది.

"వడపోత పెడితే మాక్కూడా పోవాలి కదండీ" అన్నాడు కొట్టు బాబాయి.

"వారమంతా గాలి అటు" అంది చిన్నది. "అటు వాసన లేదు. ఇటూ లేదు. అంటే వారమంతా తొట్లే తెరవలేదు. గాలి మనవైపు ఉన్నప్పుడే తెరుస్తారు. ఆ కప్పు మీద గుడ్డసంచి ఎందుకనుకున్నారు మరి?"

నర్సమ్మ ముక్కుమీద వేలేసుకుంది. స్టీరింగు తాత రెండు చేతులూ గాల్లోనే ఆగిపోయాయి, మలుపు మధ్యలో బండి ఆగినట్టు.

మేడమ్ ముఖం ఎర్రబడింది. "నాకు తెలీదు. నిజంగా తెలీదు. ఆ అట్ట మీద నేనే రాశాను, ఒకటే గాలని..."

"మిమ్మల్ని ఎవరేమన్నారమ్మా?" అంది నర్సమ్మ. మొదటిసారి ఆమె గొంతులో మందు చేదు లేదు.

టైలరమ్మ మాత్రం ఆ మాటలేవీ వినడం లేదు. ఫోను గుర్తొచ్చింది ఆమెకి. 'అమ్మా, కిటికీలు వేసుకో.' తొట్లు తెరిచేది ఎవరో ఆమెకి తెలుసు. జాలిపడి నాలుగు మాటలు అడగబోయి, తన కొడుకుని నలుగురి ముందు నిలబెట్టేసింది.

"మేడమ్‌గారి ఇల్లు అద్దాల ఇల్లు కదా!" అంది గబగబా. "కిటికీలు బిగించి ఉంటారు. ఫ్యాను వేసి ఉంటారు. తోటలో పూలుంటాయి, పూల వాసనకి ఈ వాసన తెలిసుండదు. పెద్దవాళ్ళకి ముక్కు సరిగా పనిచెయ్యదు కూడా. అంతేనంటారా నర్సమ్మగారూ?"

నర్సమ్మ తల అడ్డంగా ఊపింది.

"అమ్మా" అంది చిన్నది. "నీకు ముందే ఎలా తెలుస్తుంది?"

"ఏంటే?"

"కంపు వస్తుందని. గాలి పట్టుకుని రాకముందే ఏ ముక్కుకీ తెలియదు."

"ముక్కు... నా ముక్కు..." టైలరమ్మ నీళ్ళు నమిలింది. ఇంతవరకూ ఆమెని కాపాడిన ముక్కు సమయానికి చేతులెత్తేసింది. ఆమె కళ్ళు ఆమెకి తెలియకుండానే వంటింటి తెరవైపు పోయాయి. అందరి కళ్ళూ వాటి వెంటే పోయాయి.

తెర వెనక నీళ్ళ చప్పుడు ఎప్పుడాగిందో ఎవరూ గమనించలేదు.

"తెరిచేవాడు ఇంట్లోనే ఉన్నాడన్నమాట!" స్టీరింగు తాత కుర్చీలోంచి లేచాడు. "మన వీధిలో పుట్టి, మన వీధి గాలి చూసి..."

"తాతగారూ, కూర్చోండి" అంది టైలరమ్మ. ఆమె ఎవరితోనూ అంత గట్టిగా మాట్లాడటం ఎప్పుడూ వినని తాత, ఆశ్చర్యంతో కూర్చున్నాడు. "వాడు సొంతంగా చేశాడా? పైవాళ్ళు తెరవమంటే తెరుస్తాడు. బస్సు ఎటు పోవాలో మీరు నిర్ణయించారా ఏనాడైనా? బోర్డు మీద ఉన్న ఊరికే కదా నడిపారు!"

తాత చక్రం తిప్పే చేతులు రెండూ ఒళ్ళోకి దించుకున్నాడు.

"నేనేమీ అనడం లేదమ్మా" అంది చిన్నది. "కానీ రేపు నేను లేచి, గాలి చూసి తెరుస్తున్నారండీ అంటే, ఫ్యాక్టరీవాళ్ళు నవ్వుతారు. ఈ అమ్మాయి కల కంది అంటారు. లోపలివాళ్ళు ఒక్కరు చెప్పాలి. లోపలివాళ్ళు చెప్పకపోతే ఇది మాటే కాదు. నేనేమీ అననులే. వడపోత గొట్టం గురించే మాట్లాడతాను."

ఆ చివరి మాట టైలరమ్మకి ఎంతో ఊరట కలిగించాల్సింది. ఇన్నాళ్ళూ ఆమె కోరుకున్నది అదే కదా. వాడు మాట్లాడకూడదు, ఇది ఎక్కువ మాట్లాడకూడదు, ఇద్దరూ కంచం ముందు క్షేమంగా కూర్చోవాలి. కానీ ఊరట రాలేదు. పిల్ల తల దించుకుని కాగితంలో ఏదో కొట్టేస్తోంది. నర్సమ్మ మనవరాలు గుమ్మం మెట్టు మీద కూర్చుని బొమ్మకి మందు గొట్టం పెడుతోంది. గాలి మళ్ళీ ఇటు తిరుగుతుంది. తిరక్కుండా ఉండదు. వారమంతా ఆపినవన్నీ ఒక్కసారే తెరుస్తారు. ఫోను మోగుతుంది. తను గుమ్మంలో నిలబడి కేకేస్తుంది. అందరూ తన ముక్కుని మెచ్చుకుంటారు.

ఉద్యోగం పోతే? పోతుంది. వేరేది దొరక్కపోతే? దొరక్కపోవచ్చు. ఫ్యాక్టరీ వాళ్ళు పగబడితే? తోటివాళ్ళు మాట్లాడటం మానేస్తే? వాడు దిగులుతో తిండి మానేస్తే? ఆమెకి తెలిసిన భయాలన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. ప్రతి ఒక్కదాన్నీ ఆమె చూసింది. ఏదీ పక్కకి తప్పుకోలేదు. వాటి మధ్యనుంచే నడిచి వెళ్ళి, తెర పక్కకి తీసింది.

పెద్దాడు పొయ్యి పక్కన గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ముఖం కడుక్కున్నాడు గానీ తుడుచుకోలేదు. గడ్డం మీదినుంచి నీళ్ళు చొక్కా మీద పడుతున్నాయి. ముందు తల తుడుచుకో, జలుబు చేస్తుంది అని ఆమె నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"నాన్నా" అంది. "విన్నావు కదా."

వాడు తలూపాడు.

"గాలి చూసే తెరుస్తున్నారా?"

వాడు నేలవైపు చూశాడు.

"నేను నిన్ను తిట్టడానికి అడగడం లేదు. ఫోను చేసినప్పుడల్లా నీకెలా ఉండేదో నాకు తట్టనే లేదు. ఎందుకు చేస్తున్నావని నేను ఒక్కసారైనా అడగలేదు. అడిగితే నువ్వేం చెప్తావోనని భయం." ఆమె కొంగుతో వాడి గడ్డం తుడిచింది. "ఇప్పుడూ భయమే. చచ్చేంత భయం. అయినా అడుగుతున్నాను. రేపు ఆ ఆఫీసరు ముందు ఈ మాట నీ నోటితో చెప్తావా?"

వాడు గోడకి ఇంకా గట్టిగా ఆనుకున్నాడు.

పక్క ఇంట్లో ఎవరో పాత్ర కింద పెట్టారు. తెర అంచు దగ్గర స్టీరింగు తాత తల కనిపించింది, దాని కింద కొట్టు బాబాయి తల, ఇంకా కింద నర్సమ్మ మనవరాలి తల. నర్సమ్మ చెయ్యి వచ్చి మనవరాలి తలని వెనక్కి లాగింది. తాత తల మాత్రం కదల్లేదు. మేడమ్ వెనకే ఎక్కడో నిలబడి ఉంది, ముందుకి రాలేదు. చిన్నది తెర దాటి లోపలికి వచ్చి అన్న ఎదురుగా నిలబడింది.

వాడు టీకని పెట్టుకున్న పాలు పొయ్యి మీద పొంగబోయాయి. ఏ రోజైనా టైలరమ్మ ఎగిరి దూకేది. ఇవాళ కదలకుండా నిలబడింది. చిన్నదే చెయ్యి చాపి మంట తగ్గించింది. పాలు కిందికి దిగాయి. వాడు చేతి గోళ్ళ సందుల్లో ఎండిన జిగురుని ఒక వేలితో గీకుతూ, చూస్తూ ఉన్నాడు. చిన్నప్పుడు బడిలో తన్నులు తిని వచ్చినా ఇలాగే నిలబడేవాడు. ఎవరు కొట్టారో చెప్పడానికి పొద్దు గూకేది. అప్పుడు ఆమె తొందరపెట్టేది, ఊపేది, తనే ఏడ్చేది. ఇప్పుడు చేతులు రెండూ కట్టుకుని, ఊపిరి బిగబట్టి ఊరుకుంది. అంతసేపు ఊరుకోవడం ఆమె జీవితంలో అదే మొదలు.

తాత మోకాలు కటుక్కుమంది. "క్షమించండి" అన్నాడు గుసగుసగా, వీధంతా వినపడేలా.

పెద్దాడు తలెత్తాడు. అమ్మని చూసి, చెల్లెల్ని చూసి, తెర దగ్గరున్న తలలకేసి చూశాడు.

"చెప్తాను" అన్నాడు. "నేను గుమ్మంలోకి రాగానే అందరూ నోళ్ళు మూసుకుంటే మరి ఎవరికి చెప్పను? రేపు నన్నూ పిలవండి, వస్తాను. ఇన్నాళ్ళూ ఎవరూ పిలవలేదు."